వరుస విడవని అత్త

స్లాబు వేసే రోజు ఆడవాళ్ళం కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర్నుంచి మూడో అంతస్తు దాకా వరుసగా నిలబడతాం. కాంక్రీటు తట్ట ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతూనే ఉండాలి. మధ్యలో ఒక్కరు ఒంటేలుకని పక్కకెళ్ళినా పైన పోసింది గట్టిపడి అతుకు పడుతుంది. ఇక మేస్త్రీ నోటికి అడ్డూ అదుపూ ఉండదు. ఆ నోటికి జడిసే మేమంతా అత్త మాట విన్నాం.

అత్తంటే నాకేం చుట్టం కాదు, పనిలో అందరికీ అత్తే. ఇరవై రెండేళ్ళుగా వరుసలో మొదటి మనిషి. ఒక్కనాడూ పక్కకెళ్ళలేదని మహా గొప్ప. ఆ చోటు పోతే ఆవిడకి ఇంకేం మిగలదు. కొత్తగా ఎవరొచ్చినా అదే పాఠం చెప్పేది: "లేచిన దగ్గర్నుంచి నీళ్ళు ముట్టకు. నోరెండితే తలగుడ్డ చివర నములు. ఒళ్ళు అదే అలవాటు పడుద్ది." సొంత కోడలికి మరీ గట్టిగా నేర్పింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, మెతక మనిషి, అత్త గీసిన గీత దాటదు.

పోయినేడు ఎవరో పెద్దవాళ్ళొచ్చి ఆడకూలీల బాగోగులు చూడాలన్నారట. మాకోసం మరుగుదొడ్డి కట్టి, రిబ్బను కత్తిరించి ఫొటోలు దిగారు. మర్నాడు మేస్త్రీ దానికి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. వాడితే పాడైపోతుందట! అంతమంది మగాళ్ళ ముందు ఆ జేబు దగ్గరికెళ్ళి ఎవరడుగుతారు?

తర్వాత డాక్టరమ్మ వచ్చి తలా ఒక సీసా ఇచ్చింది, ఒంటేలు పట్టి తెమ్మంది. ఆ రోజు మాత్రం తాళం తీశారు. జబ్బున్నవాళ్ళని పని మానిపిస్తారని అప్పటికే గుసగుసలు. అత్తకి ఏడాదిగా మంట, అప్పుడప్పుడు రక్తం. నాకు తెలుసు. ఆవిడ తన సీసా కోడలి చేతిలో పెట్టింది.

"నాది కూడా నువ్వే నింపు. వయసులో ఉన్నదానివి, నీకేం రోగం."

"నాకే సరిగ్గా రావట్లేదత్తయ్యా" అంటూనే ఆ పిల్ల లోపలికెళ్ళింది. చాలాసేపటికి రెండు సీసాల్లోనూ అడుగున కాస్త పట్టి తెచ్చింది.

వారానికి కాగితాలొచ్చాయి. రెండింట్లోనూ ఒకటే మాట: కిడ్నీలు దెబ్బతిన్నాయి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మేస్త్రీ ఇద్దర్నీ పిలిచాడు.

"రేపట్నుంచి రాకండి. మీ మంచికే చెప్తున్నా."

అత్త ముందుకొచ్చింది. కోడలి వంక చూడనైనా చూడలేదు.

"అది నాది కాదు మేస్త్రీ. రెండూ దీనివే. రోగం దీనికి. నేను శుభ్రంగా ఉన్నా."

కోడలు తలగుడ్డ విప్పి మడతపెట్టుకుంటూ నిలబడింది. నాకు అత్త పీక పిసకాలనిపించింది. నోరు మూసుకున్నాను, నాకూ ఇల్లు గడవాలి.

మేస్త్రీ వరుస వంక చూశాడు. మొదటి మనిషి లేకపోతే వరుస నడవదు.

"సరే, నీది బాగానే ఉందని రాయిస్తాలే. దాన్ని ఇంటికి పంపు."

ఇప్పుడా పిల్లకి వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం శుద్ధి చేస్తున్నారు. కాళ్ళు వాచి నాలుగడుగులు కూడా వెయ్యలేకపోతోంది.

నిన్న మళ్ళీ స్లాబు. కోడలి చోట్లో ఒక కొత్త పిల్ల నిలబడింది. ఎండెక్కాక దాహమేస్తోందంది. అత్త తట్ట అందిస్తూనే చెప్పింది.

"తలగుడ్డ నములమ్మా. నా కోడలు మూడేళ్ళు అట్టాగే నెట్టుకొచ్చింది."

ఆ పిల్ల నా వంక చూసింది. నా నోట్లో అప్పటికే తలగుడ్డ ఉంది.