మేకపోతుకు అందని కొమ్మలు: హరూర్ దగ్గర ఒక పాత క్వారీ

ఈ ప్రయాణానికి కారణం ఒక తగవు. హరూర్ దగ్గర మా చెల్లెలు రత్నమ్మకు ఉన్న మెట్టభూమిలో కొంత ఒకప్పుడు నల్లరాయి క్వారీకి లీజుకు పోయింది. రాయి అయిపోయాక అక్కడ మిగిలింది ఒక లోతైన గుంత, చుట్టూ పనికిరాని బండల దిబ్బలు. ఏళ్ల తరబడి ఆమె ఆ దిబ్బలమీద చెట్లు పెంచుతోంది. పక్క ఊరి మునియప్ప ఇప్పుడు గొర్రెలూ మేకలూ ఉన్న తన మందను అందులోకి తోలుతానంటున్నాడు. బయట గడ్డి అయిపోయింది. మేత దొరక్కపోతే మందను సంతకు తోలడమే. తీర్పు చెప్పమని ఇద్దరూ నన్నే పిలిచారు. ముఖం చూసి మాట్లాడే అలవాటు నాకు లేదని వాళ్లకు తెలుసు.

ఉదయం ఆరుకు ధర్మపురి బస్టాండులో హరూర్ బస్సు ఎక్కాను. గంటకు పైగా ప్రయాణం, టికెట్ నలభై రూపాయల లోపే. కిటికీ పక్కన కూర్చోండి. కొండలు ఒకదాని వెనక ఒకటి మంచులోంచి లేచి, మళ్లీ మంచులోకే వెళ్లిపోతాయి. నేను నిద్రపోలేదు, అలాగని పూర్తిగా మెలకువగా ఉన్నాననీ చెప్పలేను. హరూర్‌లో ఇడ్లీ తిని, పోనూ రానూ నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. అక్కడ ఆగినందుకు వేరే ఏమీ ఇవ్వనని ముందే చెప్పాను.

"క్వారీకా అవ్వా? ఆడ ఏముండాది? రాయి తీసేది నిలిచిపోయి శానా ఏండ్లాయె," అన్నాడు డ్రైవరు. చుట్టూ తమిళమే అయినా, వాళ్లింట్లోనూ మాలాగే తెలుగేనట.

"చెట్లున్నాయి."

"రాయిలో చెట్లా? సెరి, మీరు చెప్తే ఉంటాది."

రత్నమ్మ ముళ్లకంప పక్కకు జరిపింది. లోపల అడుగు పెట్టగానే ఎండ పలచబడింది. బండలమీద డ్రిల్లు దించిన గాట్లు వరుసగా ఉన్నాయి. వాటిలోంచే చెట్ల వేళ్లు కిందికి పాకుతున్నాయి. పొదల్లో కౌజుపిట్టలు పిలుచుకుంటున్నాయి. గుంత నిండా ఆకుపచ్చని నీళ్లు, నీళ్లలో ఆకాశం. ఒక లకుముకి పిట్ట అడ్డంగా దూసుకుపోతే ఆ ఆకాశం రెండుగా చీలి, నెమ్మదిగా మళ్లీ అతుక్కుంది. ఎంతసేపు అక్కడ నిలబడ్డానో చెప్పలేను. నాకది మామూలు కాదు.

మొదట్లో ఆమె నాటిన మొక్కలన్నీ రాతిపొడిలో ఎండిపోయాయి. అప్పుడు మునియప్ప ఒక ఎండాకాలమంతా తన మందకు తుమ్మకాయలు మేపి, రాత్రుళ్లు ఈ దిబ్బలమీదే కట్టేశాడు. ఎరువు కోసం పొలంలో మంద కట్టించడం మా వైపు అందరూ చేసేదే. బండలమీద కట్టించింది మా చెల్లెలొక్కతే. వానలకు పెంటికల్లోంచి తుమ్మ మొలిచింది. ఆ నీడలో వేప, కానుగ నిలదొక్కుకున్నాయి. అప్పుడే ఇద్దరూ మాట అనుకున్నారు: మందలో అన్నిటికన్నా ఎత్తైన మేకపోతు వెనకకాళ్లమీద నిలబడినా పైకొమ్మ అందని ఏడాదిలో మంద లోపలికి రావచ్చు. అంతవరకు కంప తీయకూడదు.

మునియప్ప నల్లటి మేకపోతును తాడుతో పట్టుకొచ్చాడు. "రా కరియా, కోర్టుకు పోదాం."

వేపచెట్టు దగ్గర కరియ నిలబడి మెడ సాచింది, నాలుకా సాచింది. అందలేదు. కానుగ దగ్గరా అంతే. "చూసినావా పెద్దక్కా!" అని మునియప్ప మురిసిపోయాడు. మూడోది తుమ్మ. కరియ ఒకసారి అటూ ఇటూ చూసి, పక్కనున్న బండమీదికి ఎగిరి, పైకొమ్మను తీరిగ్గా కొరికింది.

"రాయి లెక్కలోకి రాదు!" అన్నాడు మునియప్ప.

"ఆ మాట నీ పోతుకు చెప్పినావా? క్వారీలో రాయి లేని చోటు ఏడుండాది?" అంది రత్నమ్మ.

"ఈ తోపులో సగం మా మేకల కడుపులోంచి వచ్చిందే కదమ్మా!"

"దాన్ని మళ్లీ ఆ కడుపులోకే పంపమంటావా?"

మునియప్ప గొంతు తగ్గించాడు. "సంతకు తోలితే మళ్లీ మందనేది ఉండదు, పెద్దక్కా."

మాట అనుకున్న రోజు ఇద్దరూ చదును నేలనే తలచుకున్నారు. నేను చుట్టూ ఉన్న బండలన్నీ చూశాను. "ఏమప్పా, గొర్రెలు రాయెక్కి కొమ్మలు అందుకుంటాయా?"

"గొర్రెలా? అవి తల వంచితే మళ్లా ఎత్తేది పొద్దు గూకినాకనే."

"మందలో మేకలెన్ని?"

"పదికి లోపలే."

"అయితే గొర్రెలు లోపల, మేకలు బయట. మేకలకు నువ్వు రెమ్మలు కోసి వెయ్యి, రత్నమ్మ చూపిన చెట్లనుంచే. పిట్టలు గుడ్లు పెట్టే గుంత గట్టుకు గొర్రె కూడా పోకూడదు."

రత్నమ్మ గుంత గట్టు వైపు ఒకసారి చూసింది. తర్వాత "సెరి" అని, తనే కంప తీసింది.

మధ్యాహ్నానికి గొర్రెలు వచ్చాయి. తలలు వంచి, చప్పుడు లేకుండా, తెల్లటి పొగ నేలమీద పాకినట్టు కొమ్మల కిందికి వెళ్లాయి. ఎండుగడ్డి నమిలే శబ్దం ఎక్కడో వాన మొదలైనట్టుంది. పిట్టలు ఒకసారి లేచి మళ్లీ వాలాయి. చెట్టును మొలిపించిన నోరే చెట్టును తినేస్తుంది; ఆ రెంటి మధ్య ఎవరో ఒకరు కంప పట్టుకుని నిలబడాలి. తనకు వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పి బయటే మిగిలిన కరియ, కంప అవతల సాయంత్రం దాకా అరుస్తూనే ఉంది.

వెళ్లేవారికి ఒక్క మాట: రత్నమ్మను అడిగి లోపలికి వెళ్లండి, వెళ్లాక వెనక్కి తిరిగి కంప మూయండి. కరియ అక్కడే కాచుకుని ఉంటుంది.