మా తోడికోడలికి నేను కొనిపించిన బ్యాగు

ఆరేళ్ళుగా ఈ సంగతి మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా నాకు నేను ఇచ్చుకుంటున్న గౌరవమేమో. నిజం చెప్పాలంటే చాలా రోజులు అది బరువుగానే తోచలేదు. తిన్నాను, నిద్రపోయాను, ఆఫీసుకు వెళ్ళాను, తెలిసినవాళ్ళ గృహప్రవేశాలకు పట్టుచీరలు కట్టుకున్నాను. ఎప్పుడో కూర తరుగుతూ ఉండగా గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయేది. మళ్ళీ తరిగేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పేర్లు మార్చాను. జరిగింది మార్చలేదు.

మేముండేది కెనడాలో, రెజైనా అనే ఊళ్ళో. నేను ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తాను. విల్లుతో జింకల వేటకు వెళ్తాను. ఈ మాట చెబితే మనవాళ్ళు నవ్వుతారు, తరువాత నిజమా అని అడుగుతారు. నాకు నేర్పింది మార్లీన్ అనే సహోద్యోగి, నాకన్నా పదేళ్ళు పెద్ద. వాళ్ళ అన్నయ్య పొలం చివర, నేల లోయలోకి దిగే చోట, పోప్లార్ చెట్ల గుంపు ఉంది. మొదటిరోజు ఆమె నన్ను అక్కడ చెట్టెక్కించి, మూడు గంటలు కదలకుండా కూర్చోమంది. మా ఇంట్లో నన్ను మూడు నిమిషాలు కూర్చోనిచ్చినవాళ్ళు లేరు. ఆ మూడు గంటల్లో నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

కూర్చునేది మంచె మీద. మన చేలల్లో పిట్టలను తోలడానికి వేసే మంచె లాంటిదే, కాకపోతే లోహంతో చేసింది. మడిచి వీపున వేసుకుపోయి, చెట్టుకు బెల్టులతో బిగించి, మెట్లు తగిలించుకుని ఎక్కాలి. దాదాపు రెండంతస్తుల ఎత్తు. ఎక్కడానికి ముందు ఒంటికి హార్నెస్ అనే గట్టి పట్టీల కట్టు కట్టుకుని, దాని తాడును చెట్టుకు తగిలించుకోవాలి. కాలు జారినా ఆ తాడు పట్టి ఆపుతుంది. మార్లీన్ మొట్టమొదట నేర్పింది విల్లు పట్టడం కాదు, హార్నెస్ కట్టుకోవడం.

మూడేళ్ళు అలా గడిచాయి. ఆ మూడేళ్ళలో ఒక్క ఆడజింకను కొట్టాను. ఆ అడవి నాది అనుకున్నాను. అప్పుడు మా మరిది కిశోర్, అతని భార్య స్రవంతి హైదరాబాదు నుంచి వచ్చి, మాకు రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నారు.

స్రవంతి ఎలాంటి మనిషో చెప్పాలి. చెప్పడం కష్టంగా ఉంది, ఎందుకంటే చెడ్డది ఏదీ దొరకడం లేదు. కరీంనగర్ అమ్మాయి. గట్టిగా నవ్వేది. ఏది వండినా ముందు నాకొక గిన్నె పంపేది. నన్ను అక్కా అని పిలిచేది, ఆ పిలుపులో నిజంగానే అక్క ఉండేది. ఒకరోజు నా విల్లు చేతిలోకి తీసుకుని, తననూ వేటకు తీసుకెళ్ళమని అడిగింది. కాదనడానికి కారణం దొరకలేదు.

విల్లు నేర్చుకునేటప్పుడు తాడు వచ్చి ఎడమ ముంజేతికి తగులుతుంది. తగలకుండా కట్టుకునే తోలుపట్టీ ఒకటి ఉంటుంది. అది నా సంచిలోనే ఉంది. స్రవంతి చెయ్యి నల్లగా కమిలిపోయేదాకా వారం రోజులు చూసి, ఆ తరువాతే ఇచ్చాను. అందరికీ అలాగే ఉంటుందని ఆమె అనుకుంది. నేను అనుకోనిచ్చాను. అక్కడే మొదలైందా? అంతకుముందేనా? నాకు తెలియదు.

అడవికి రెండోసారి వచ్చిన రోజునే ఆమె పెద్ద కొమ్ముల జింకను కొట్టింది. ఒక్క బాణం. ఆ వారాంతం మా ఇల్లంతా జనం. కిశోర్ కీమా వేయించాడు. మా ఆయన, నేను కొట్టిన జింక గురించి ఒక్కసారి కూడా అడగని మనిషి, ఆ కథను స్రవంతి చేత రెండుసార్లు చెప్పించుకున్నారు. నేను వంటింట్లో రొట్టెలు కాలుస్తూ రెండుసార్లూ విన్నాను. తరువాతి ఏడు మార్లీన్ మీ చెల్లెలికి చెయ్యి తిరిగిందని మెచ్చుకుని, వాగు పక్కనున్న చెట్టును ఆమెకు ఇచ్చింది. నేను అక్కడ కూర్చునేదాన్ని. నన్ను ఇంకో అరకిలోమీటరు అవతలి చెట్టుకు మారమంది. సరేనన్నాను.

ఆ ఏడే స్రవంతి సొంతంగా మడత మంచె కొనుక్కుంది. దాన్ని మోయడానికి ఎలాంటి బ్యాగు తీసుకోవాలో నన్నే అడిగింది. శనివారం ఉదయం ఇద్దరం ఊరి తూర్పు చివర ఉన్న దుకాణానికి వెళ్ళాం.

మంచె మోసే బ్యాగు ఎంచడం ఒక విద్య. మంచెతో వచ్చే పట్టీలు సన్నగా ఉండి భుజాలను కోస్తాయి. కాబట్టి లోపల గట్టి చట్రం ఉన్న బ్యాగు కావాలి. మంచె దాని మీద ఆనడానికి అడుగున చిన్న అర ఉండాలి. బరువు భుజాల మీద కాక నడుము మీద పడేలా వెడల్పు బెల్టు ఉండాలి. బట్ట గరగరమని చప్పుడు చేయకూడదు. విల్లు ఒక పక్కన కట్టుకునే వీలుండాలి. వీటన్నిటికన్నా ముందు, హార్నెస్‌కు విడిగా, పైనే, ఒక అర ఉండాలి, చెట్టు దగ్గరకు రాగానే మొదట చేతికి వచ్చేది అదే కావాలి కనుక. ఇవన్నీ నాకు చదివి తెలిసినవి కావు. మొదటి ఏడు ఇరుకు బ్యాగు కొని, చోటు చాలక ఒకరోజు హార్నెస్‌ను కారులో వదిలేసి, మార్లీన్ చేత చీవాట్లు తిని నేర్చుకున్నవి.

అంటే ఇరుకు బ్యాగు కొంటే ఏది బయట మిగిలిపోతుందో నాకు ముందే తెలుసు. ఈ వాక్యం రాయడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

స్రవంతి చెయ్యి సరైన బ్యాగు మీదికే వెళ్ళింది. మట్టిరంగుది, అందం లేనిది, ఆడవాళ్ళ వీపు కొలతకు చేసింది. నేను దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని తిరిగి అరలో పెట్టాను. నువ్వే పుల్లలా ఉన్నావు, అది నిన్నే మోస్తుందని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆకుల బొమ్మలున్న సన్నటి బ్యాగు చేతికిచ్చాను. కాలేజీ పిల్లలు వేసుకునేలాంటిది. ఇంటి నుంచి తెచ్చుకున్న సామాను దుకాణంలోనే సర్ది చూసింది. నీళ్ళు, కత్తి, విల్లు పైకి లాక్కునే తాడు, చలికోటు పట్టాయి. హార్నెస్ చేతిలో మిగిలింది.

"అక్కా, ఇది పడతలేదు. ఎట్ల మరి?"

"కోటు లేకపోతే చలికి చస్తావు. హార్నెస్ కార్లో పెట్టుకో."

"చెట్టెక్కేటప్పుడు?"

"కొత్తలోనే కట్టుకుంటారు స్రవంతీ. నువ్విప్పుడు కొత్తదానివా? నేను మానేసి రెండేళ్ళయింది."

ఆమె ముఖం వెలిగింది. పై తరగతికి పంపితే పిల్లలకు వచ్చే సంతోషంతో.

"నువ్వే మానేసినవంటే ఇంక నాకెందుకక్కా," అంది.

నేను ఒక్కరోజు కూడా మానలేదు. అడవిలో ఆమె కనుమరుగయ్యేదాకా ఆగి, ఆ తరువాత నాది కట్టుకునేదాన్ని. బ్యాగులో పట్టకపోతే కారు దగ్గరే ఒంటికి తొడుక్కుని నడవవచ్చు. చాలామంది అలాగే చేస్తారు. ఆ ఒక్క మాట చెప్పలేదు.

ఏం కోరుకున్నాను? ఆమె పడిపోవాలనా? కాదని నాకు నేను వందసార్లు చెప్పుకున్నాను. భుజాలు నొప్పెట్టి విసిగిపోవాలి, మంచె చప్పుడుకు జింకలు పారిపోవాలి, ఇది నా వల్ల కాదక్కా అనాలి, అడవి మళ్ళీ నాది కావాలి. అంతేనా? అంతే అయితే బ్యాగు ఒక్కటి చాలు కదా. హార్నెస్ మాట ఎందుకు అబద్ధమాడాను? ఈ ప్రశ్న దగ్గర నేను ఎప్పుడూ లేచి వేరే పని చూసుకుంటాను. ఈసారి లేవడం లేదు. సమాధానం మాత్రం రావడం లేదు. లేదా వచ్చింది, నేను చదవడం లేదు.

మూడు వారాలు ఆమె ఆ బ్యాగుతో తిరిగింది. మంచె వెనక్కి లాగుతుంటే వంగి నడిచేది. లోహం టకటకమనేది. ఒక్క జింకా రాలేదు. ఓపిక పట్టాలి అని చెప్పేదాన్ని. ఒకరోజు కారులో కోటు విప్పితే రెండు భుజాల మీదా ఎర్రటి చారలు కనిపించాయి, ఒకచోట చర్మం లేచిపోయింది. మందు నేనే రాశాను. రాస్తున్నప్పుడు నా మనసు హాయిగా ఉంది. ఇది దాచుకుంటే ఈ రాత అంతా దండగ.

పోప్లార్ ఆకులు పండబారి రాలుతున్న రోజులు. ఆ మధ్యాహ్నం చిన్న వాన పడి ఆగింది. కారుకు తాళం వేస్తుంటే వెనక సీటులో ఆమె హార్నెస్ కనిపించింది. చెట్ల బెరడు తడిగా ఉంటుందని నాకు తెలుసు. తాళం వేశాను.

నేను మంచె మీద కూర్చుని అరగంట అయి ఉంటుంది. జేబులో ఫోన్ వణికింది. స్రవంతి. మళ్ళీ జింకను కొట్టిందన్నమాట అనుకున్నాను. వణికి వణికి ఆగిపోయేదాకా చూస్తూ ఉన్నాను. కాసేపటికి మళ్ళీ. ఈసారి కట్ చేశాను. ఫోన్ బ్యాగు అడుగుకు తోసి, వెలుగు తగ్గేదాకా, రెండు గంటలు, అక్కడే కూర్చున్నాను. ఎవరి ముందు ఎలా నవ్వాలో, అభినందనలు ఎలా చెప్పాలో ఆలోచించుకుంటూ.

చివరి మెట్టు మీద నుంచి మంచె మీదికి కాలు పెట్టేటప్పుడు జారిందట. కింద పడి ఉన్న మానుకు నడుము కొట్టుకుని పడింది. నాకు రెండుసార్లు ఫోన్ చేశాక అది చేతిలోంచి జారి అందని చోట పడింది. నేను వెళ్ళేసరికి ఆమె వణకడం కూడా ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి వచ్చినవా అక్కా అంది.

వెన్నెముక విరిగింది. కాళ్ళు తిరిగి రాలేదు. రెండు గంటల ముందు తీసుకొస్తే వేరేగా ఉండేదా అని డాక్టరును అడగలేదు. అడిగితే చెప్తారని భయం.

ఇంకొకటి మిగిలింది. ఆసుపత్రి గదిలో, స్రవంతి మెలకువగా ఉండగానే, హార్నెస్ ఎందుకు లేదని కిశోర్ నన్ను అడిగాడు. మా ఆయన కూడా నా వైపే చూశారు. అప్పుడు నేను అన్నాను: "హార్నెస్ లేకుండా ఎక్కొద్దని వందసార్లు చెప్పాను. వినలేదు." ఫోన్ సైలెంట్‌లో ఉందని కూడా అన్నాను. స్రవంతి నా ముఖంలోకి చూసింది. పోప్లార్ చెట్టు కింద కన్నా ఆ గదిలోనే నేను ఆమెను ఎక్కువ విరిచానని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ మాట కిశోర్‌కు ఆయుధమైంది. చక్రాల కుర్చీ తోస్తూ అన్నాడు, స్నానానికి ఎత్తుకుంటూ అన్నాడు, నలుగురిలో అన్నాడు. వదిన వందసార్లు చెబితే వినని మొండిది అని. జనం తలలాడించారు. కొందరు నన్ను ఓదార్చారు, పాపం నువ్వు మాత్రం ఏం చేస్తావని. ఓదార్పు పుచ్చుకున్నాను.

తరువాత వాళ్ళు ఉద్యోగం కోసం వాంకూవర్ వెళ్ళిపోయారు. పోయిన వసంతంలో ఆఫీసు శిక్షణకు ఆ ఊరు వెళ్ళి, వాళ్ళింట్లో ఒకపూట ఉన్నాను. కిశోర్ బిర్యానీ తేవడానికి బయటికి వెళ్ళాడు. స్రవంతి ఒడిలో బట్టలు పెట్టుకుని మడతలు పెడుతోంది. ఈరోజు చెప్పేస్తాను అనుకుని నీతో ఒక మాట చెప్పాలి అన్నాను. ఆమె చేతులు ఆగలేదు.

"నాకెందుకు చెప్తవక్కా, నాకు తెల్వదా? ఫోన్ మోగి ఆగుడు వేరు, కట్ చేసుడు వేరు. ఆయనకు చెప్పు. ఆరేండ్ల సంది నన్ను తిడుతుండు. నీ నోటితోని ఆయనకు చెప్పు."

కిశోర్ వచ్చాడు. ముగ్గురం తినడానికి కూర్చున్నాం. ఏదో మాట మీద అతను మళ్ళీ అదే అన్నాడు, వదిన వందసార్లు చెప్పింది అని, మంచి ముక్క ఏరి నా పళ్ళెంలో వేస్తూ. స్రవంతి తినడం ఆపి నా వైపు చూసింది. బిర్యానీలో ఉప్పు కొంచెం ఎక్కువైంది అన్నాను.

ఆ రోజు నుంచి ఆమె నాకు ఫోన్ చేయడం మానేసింది. నేను వేట మానలేదు. ఈ సెప్టెంబరులోనూ వెళ్ళాను, వాగు పక్క చెట్టుకే. అది ఇప్పుడు మళ్ళీ నాది.

కాబట్టి మీకు చెబుతున్నాను. నేను స్రవంతికి హార్నెస్ కట్టుకోమని ఒక్కసారి కూడా చెప్పలేదు. వద్దన్నాను. ఆమె ఫోన్ చేస్తే చూసి కట్ చేశాను. తప్పు ఆమెదని ఆమె ముందే చెప్పాను. చెప్పవలసిన మనిషికి ఇప్పటికీ చెప్పలేదు, బహుశా చెప్పను, నా సంగతి నాకు తెలుసు. అయినా ఇది రాస్తుంటే గుండెల్లో పట్టుకున్నదేదో కొంచెం సడలింది. ఊపిరి తేలికగా ఆడుతోంది. నాకు దక్కకూడని సుఖం ఇది. దక్కింది. అదీ ఒప్పుకుంటున్నాను.