అర శృతి దించిన పియానో

కోవిడ్ తర్వాత హాళ్ళు మళ్ళీ తెరుచుకున్న రెండో ఏడాది, ఏప్రిల్ చివరి గురువారం, ఆస్ట్రేలియాలో బల్లారట్ దాటాక గంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి టౌన్‌హాలులో పియానో శృతి చేసే పని నాకు పడింది. ఆ పియానోని చూసుకునే పని అప్పటికి ఆరేళ్ళుగా నాదే. వెర్రిబీలో మా ఇంటి నుంచి పొద్దున్నే బయలుదేరి పదింటికల్లా చేరాను. సాయంత్రం ఐదింటికి అక్కడ ఒక అమెరికన్ గాయని కచేరీ. మర్నాడు పన్నెండింటికి అదే పియానో మీద పిల్లలకి సంగీతం పరీక్షలు.

ఈ పనికి నా దగ్గర సర్టిఫికెట్ ఏదీ లేదు. కాకినాడలో మా నాన్నగారు హార్మోనియంలు బాగుచేసేవారు. నా చదువంతా ఇంట్లోనే, ఆయన పక్కన కూర్చునే సాగింది. ఈ దేశం వచ్చాక ఎవరో వదిలించుకుంటున్న పాత పియానో ఒకటి గరాజ్‌లో పెట్టుకుని, విప్పి, బిగించి నేర్చుకున్నాను. చెవి నాన్నగారు ఇచ్చారు, ఓపిక స్వామి ఇచ్చాడు. ఆ రెండింటితోనే ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చాను.

పియానో లోపల రెండు వందలకు పైగా ఉక్కు తీగలుంటాయి. అన్నీ కలిసి ఇనుప చట్రాన్ని లాగే బరువు ఒక నిండు లారీకి తక్కువ ఉండదు. ప్రతి తీగా ఒక మేకుకు చుట్టి ఉంటుంది. ఆ మేకుని లివరుతో వెంట్రుకవాసి తిప్పడమే మా పని. ఎక్కడి పియానో అయినా ఒకే శృతికి పెట్టాలి, అది నియమం. పన్నెండింటికి అలాగే పెట్టి ముగించాను.

అప్పుడు వచ్చింది రూతీ. అరవై దాటిన మనిషి. అద్దె కారు తనే నడుపుకుంటూ, తన రికార్డుల పెట్టె తనే మోసుకుంటూ వచ్చింది. ఏ కంపెనీకీ చెందని గాయని. ముప్పై ఏళ్ళకు పైగా పాటలు తనే రాసి, తన వంటింటి పక్క గదిలోనే రికార్డు చేసి, ఊరూరా తిరిగి పాడి, తనే అమ్ముకుంది. ఆ టూరులో ఇదే మొదటి కచేరీ.

కూర్చుని ఒక పాట ఎత్తుకుంది. పల్లవి పైకి వెళ్ళే చోట ఆగిపోయి, గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అక్కడే ఆగింది.

కిందటేడు గొంతులో రక్తస్రావమై స్వరతంత్రికి ఆపరేషన్ అయిందట. పైస్థాయిలో బలవంతపెట్టి మరోసారి రక్తస్రావం తెచ్చుకుంటే ఇక పాడటం ఉండదని డాక్టరు చెప్పాడట. "ఇంట్లో వస్తోంది మ్యామ్. ఇక్కడ రావటం లేదు. నాకు భయంగా ఉంది" అంది. దాచుకోవడానికి కూడా ఓపిక లేని మనిషిలా చెప్పింది.

తన రికార్డు ఒకటి ఫోన్లో పెట్టమన్నాను. దాని పక్కన పియానో మెట్టు నొక్కి చూస్తే సంగతి అర్థమైంది. వాళ్ళింటి పియానో సరిగ్గా అర శృతి, అంటే పక్క మెట్టంత, కింద ఉంది. అది వాళ్ళ అమ్మది. బిగిస్తే తీగలు తెగుతాయని ఎవరూ ముట్టుకోలేదట. పాటలన్నీ ఆ పియానో మీదే కట్టింది. గురువు లేకుండా నేర్చుకున్న చేతులు కనుక పాటని మరో మెట్టుకి మార్చి వాయించడం ఆమెకి రాదు. ఇన్నేళ్ళూ బయటి హాళ్ళలో ఆ అర శృతినీ గొంతే మోసింది. ఇప్పుడు మోయలేదు. బటన్ నొక్కితే శృతి దిగే ఎలక్ట్రిక్ కీబోర్డు ఐదింటిలోపు ఆ ఊళ్ళో దొరకదు. గిటారు మీద పాడగలిగినవి నాలుగు పాటలే.

మన కచేరీల్లో శృతి గాయకుడిది. వాద్యాలు ఆ శృతికి వస్తాయి. నాన్నగారు ముందు మనిషిని పాడమని, ఆ తర్వాతే హార్మోనియం తెరిచేవారు. పియానో పనిలో అంతా తలకిందులు. నాకు ఆ క్షణాన నాన్నగారి పద్ధతే తోచింది, పియానోనే ఆమె గొంతుకి దించాలని.

హాలు మేనేజరు గ్రెగ్‌కి ఫోన్ చేయబోయి, మోగకముందే కట్ చేశాను. వద్దంటాడేమోనన్న భయం. బయటికి వెళ్ళి మా వారికి చేశాను.

"మీ నాన్నగారి హార్మోనియం అనుకుంటున్నావా, రీడు గీకి దించెయ్యడానికి?" అన్నారు.

"గీకితే మళ్ళీ రాదండీ. ఇది తిప్పితే వస్తుంది."

"రాకపోతే? రేపు పిల్లల ఎగ్జామ్ అన్నావు. స్ట్రింగ్ తెగితే బ్లేమ్ నీ మీదే. ఆ గ్రెగ్‌ని అడిగావా?"

"అడుగుతాను లెండి."

అడగలేదు. ఆయనకి అబద్ధం చెప్పిన సందర్భాలు నాకు ఎక్కువ లేవు. అది ఒకటి.

ఒంటిగంటకి మొదలుపెట్టాను. దించడం తేలికని బయటివాళ్ళు అనుకుంటారు. ఒక తీగ వదులైతే పక్క తీగలు కదిలిపోతాయి. అందుకే మొత్తం మూడుసార్లు తిరగాలి. నా భయం దించడం గురించి కాదు, తిరిగి ఎక్కించడం గురించి. ఎన్నో ఏళ్ళ తీగలు, వంపు దగ్గర తుప్పు. మంద్రంలో ఒక మేకు టక్కుమంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. స్వామి నామం అనుకుంటూ మళ్ళీ తిప్పాను. నాలుగున్నరకి పూర్తయింది.

కచేరీకి చివరి వరుసలో కూర్చున్నాను. పల్లవి వచ్చిన ప్రతిసారీ నా వేళ్ళు కుర్చీని పట్టుకునేవి. ఆమె ఆ చోటికి ఎక్కింది. గొంతు సన్నబడింది కానీ తెగలేదు. చివరి పాట దాకా తెగలేదు. తర్వాత వేడినీళ్ళు తాగి, మామూలుగా మాట్లాడగలనో లేదో నా ముందే చూసుకుంది. "మ్యామ్, ఐ స్టిల్ హ్యావ్ ఇట్" అంది. ముందున్న ఊళ్ళలో ఎలాంటి కీబోర్డు అద్దెకి అడగాలో కాగితం మీద రాసిచ్చాను.

రాత్రి మోటెల్‌లో ఉండి పొద్దున్న ఆరున్నరకి మళ్ళీ హాలుకి వెళ్ళాను. గ్రెగ్ తలుపు తీసి, తన పని మీద తను వెళ్ళాడు. ఎక్కించే ముందు ప్రతి తీగనీ రవ్వంత వదులు చేయాలి, తుప్పు పట్టు వదలడానికి. అలాగే చేశాను. మూడు గంటలు సవ్యంగా సాగింది. పై స్వరాలకి వచ్చేసరికి ఒక తీగ తుపాకీ పేలినట్టు తెగింది. దాని కొన కంటికి అంగుళం కింద చీరింది. కన్ను దక్కింది, అది దైవకృప. లివరు కింద పెట్టి, మిగిలినవి లెక్కపెట్టాను. ఇంకా నలభై తీగలున్నాయి.

అవి తెగలేదు. ఆ స్వరానికి తీగలు మూడు. తెగినదాన్ని తీసేసి మిగతా రెండూ సరిచేశాను. కొత్త తీగ వేస్తే సాగుతూనే ఉంటుంది, అదే రోజు నిలవదు. పదకొండున్నరకి నియమం ప్రకారం శృతి కలిసింది.

గ్రెగ్ నా చెంప మీద రక్తం చూసి "ఏమైంది సూ?" అన్నాడు. సుగుణ అనే పేరు అతని నోట సూ అయింది. జరిగిందంతా చెప్పాను. అతను వంగి పియానో లోపలికి చూశాడు. "అడగొచ్చు కదా. నేను ఓకే అనేవాణ్ణి. ఇప్పుడు హాలు కమిటీకి ఏం చెప్పమంటావు?" అన్నాడు.

పియానో లోపల మూత వెనక ప్రతి పనీ రాసే కార్డు ఒకటుంటుంది. దించినదీ, ఎక్కించినదీ, తెగినదీ, అనుమతి అడగనిదీ అందులో రాసి సంతకం పెట్టాను. పరీక్షలు జరిగిపోయాయి. మూడు వారాల తర్వాత నా సేవలు ఇక అవసరం లేదని కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆరేళ్ళు నమ్మి పని ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెబుతూ జవాబు రాశాను. అవి నిజమైన కృతజ్ఞతలే.

శృతి పాడేవాళ్ళదే. పియానో మాత్రం హాలుది. అది తెలిశాక ఏ పని ఒప్పుకున్నా ముందు గాయకులని పాడమని వినేదాన్ని, మార్చాల్సి వస్తే హాలు వాళ్ళ అనుమతి రాతలో తీసుకునేదాన్ని. రిటైరయ్యేలోపు మరో ముగ్గురికి శృతి దించాల్సిన అవసరం వచ్చింది. ఒక హాలు సరేనంది, రెండు కాదన్నాయి. ఆ రెండు చోట్లా నేను లివరు తీయలేదు. ఒకాయన రెండు పాటలు తగ్గించుకుని పాడాడు. ఇంకొకావిడ కచేరీ మానుకుని వెళ్ళిపోయింది.