అరగంట దొంగ

బట్టల జేబులో ఊడిన బొత్తాం దొరికినా కాగితంలో చుట్టి తిరిగిచ్చే మనిషి మా మేనత్త. అలాంటి మనిషి షాపు షట్టరు మీద ‘అక్రమ విద్యుత్ వాడకం’ అని కాగితం అంటించి, పట్టపగలు వీధి వీధంతా చూస్తుండగా కరెంటాఫీసు వాళ్లు తీగ కోసి వెళ్లారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇరవై రెండేళ్లుగా ఆమెది ఇస్త్రీ షాపు. ఆమె, మామయ్య, పనికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లు. అందరికీ అన్నం పెట్టేవి ఆసుపత్రి దుప్పట్లే. రోజూ తొమ్మిదికల్లా మడతపెట్టి పంపాలి, లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఆసుపత్రిలో కొత్త వార్డు తెరిచాక అత్త నాలుగో ఇస్త్రీపెట్టె కొంది. కరెంటు ఎక్కువ కాలుతుందేమోనని సాయంత్రం పని మానేసింది. యూనిట్లు నిజంగానే తగ్గాయి.

తీగ కోసిన రోజే బిల్లులన్నీ సంచిలో వేసుకుని కరెంటాఫీసుకు బయల్దేరింది. వెంట నేనూ వెళ్లాను.

“అయ్యా, పోయిన నెలకంటే ముప్పై యూనిట్లు తక్కువే కాల్చాను. ఎక్కువ వాడానంటారేంటి?”

ఆఫీసరు తలెత్తలేదు. “యూనిట్లు కాదమ్మా, డిమాండ్. మీకు అనుమతి ఐదు కిలోవాట్లు. మీటరు ఐదు పాయింట్ ఎనిమిది చూపించింది.”

“డిమాండంటే ఏంటండీ?”

“చెప్పినా మీకర్థం కాదులెండి. రేపు రండి.”

రేపు వెళ్లాం. ఎల్లుండీ వెళ్లాం. మూటలకు మూటలు దుప్పట్లు లెక్క తప్పకుండా అప్పజెప్పే మనిషికి ఈ ఒక్క మాట అర్థం కాదట! చెప్పడం చేతకాని వాడు వినేవాళ్ల బుర్రను తప్పుపట్టడం నేను చాలాచోట్ల చూశాను.

చివరికి వరండాలో కూర్చున్న మీటరు రీడింగు ఆయనే జాలిపడ్డాడు.

“అక్కా, నీ ఇస్త్రీపెట్టె ఒకటి ఒక కిలోవాటు. గంటసేపు కాలితే ఒక యూనిట్. నాలుగూ కలిపి పావుగంట వేసినా అదే ఒక్క యూనిట్. కానీ అప్పుడు తీగ ఒకేసారి నాలుగింటినీ మొయ్యాలి కదా? మీటరు ప్రతి అరగంటకీ సగటు కట్టి, నెల మొత్తంలో పెద్దదాన్ని దాచుకుంటుంది. అదే డిమాండ్. యూనిట్లంటే నెలంతా తిన్న తిండి. డిమాండంటే అందులో అన్నిటికంటే పెద్ద ముద్ద.”

అత్త నిలువునా నీరైపోయింది. పొద్దున ఏడింటికి షాపు తెరవగానే పెట్టెలన్నీ, గంజినీళ్ల బాయిలరూ ఒకేసారి వెయ్యడం ఆమె పెట్టిన అలవాటే. పనివాళ్లు వచ్చేసరికి అన్నీ వేడెక్కి ఉండాలి. బాయిలరుకు రెండు కిలోవాట్లు, మూడు పెట్టెలకు మూడు. ఇన్నాళ్లూ ఐదు దాటలేదు. నాలుగో పెట్టె రాగానే దాటింది.

లేచి సరాసరి ఆఫీసరు ముందు నిలబడింది.

“తప్పు నాదే. పొద్దున ఏడు నుంచి ఏడున్నర దాకా. బాయిలరు అరగంట ముందు వేసుకుని, నీళ్లు మరిగాక తీసేస్తే ఏ గొడవా లేదు. ఆ ముక్క మొదటిరోజే చెబితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా? చెప్పకపోగా నా షాపు మీద దొంగ అని రాస్తారా?”

“ఆ కాగితం మా ఫార్మాటమ్మా, అందరికీ అదే,” అన్నాడు.

ఐదో రోజు తీగ కలిపారు. కాగితం మాత్రం ఎవరూ పీకలేదు. అత్తే తడిగుడ్డతో రుద్ది రుద్ది తీసింది. అప్పటికే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. కరెంటు దొంగలకు పని ఇవ్వరట. నెల తిరక్కముందే ఇద్దరు ఆడవాళ్లూ వేరే పని వెతుక్కున్నారు.

తర్వాతి నెల ఆఫీసరు స్వయంగా తనిఖీకి వచ్చాడు. మీటరు బొత్తాం నొక్కాడు. డిమాండ్ ఒకటి పాయింట్ ఒకటి.

“చూశారా అమ్మా, తలుచుకుంటే మీరే అదుపు చేసుకోగలరు,” అన్నాడు ముఖమంతా నవ్వుతో.

అత్త ఎవరిదో చొక్కా చేతులు ఇస్త్రీ చేస్తోంది. ఆపలేదు.

“మిగతా మూడు పెట్టెలూ చల్లగానే ఉన్నాయి,” అంది. “చెయ్యి పెట్టి చూడండి.”