నేను ఆపించిన వాయిద్యం

పంబ డోలు వాయించే మామకు నేను రెండేళ్లు ఒక సంగతి చెప్పలేదు. ఆయన కొడుకును బర్మాలో పూడ్చిన పొద్దున అక్కడ ఏ వాయిద్యమూ మోగలేదన్నాను. మోగింది. ఆపించింది నేను.

మామది రెంటచింతలలో మా వీధే. తిరునాళ్లలో వీరుల గుడి ముందు పంబ మోగాలంటే ఆయన చెయ్యే. ఆ ఇంట్లో మనిషి పోతే పంబ మోగందే పాడె లేవదు. మోగకపోతే పైనున్న పెద్దలకు కబురందక, పోయినవాడు దారిలోనే నిలబడిపోతాడని వాళ్ల నమ్మకం.

యుద్ధంలో ఆయన కొడుకూ నేనూ ఒకే లారీ మీద ఉన్నాం. జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. గుంట తవ్వడానికి సాయమొచ్చిన ఆఫ్రికా సిపాయి ఒకడు సంచిలోంచి చిన్న చెక్క తీశాడు. దాని మీద వరసగా ఇనుప రేకులు. అన్నం తినే రేకు గిన్నెలో దాన్ని పెట్టి బొటనవేళ్లతో మీటుతుంటే, చెక్కకు కట్టిన గవ్వలు తేనెటీగల్లా జుమ్మన్నాయి. శవం దగ్గర మోగేది తోలు వాయిద్యమే అని నాకు తెలుసు. ఇదేదో పిల్లల ఆటవస్తువనుకున్నాను. అలసిపోయి ఉన్నాను కూడా. చెయ్యి పట్టుకుని ఆపేశాను.

తర్వాత టీ తాగుతూ అతనే వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ల ఊళ్లో పోయిన పెద్దలను పిలిచేది దానితోనేనట. ఊళ్లో అయితే సొరబుర్రలో పెట్టి వాయిస్తారట. "మీ పెద్దలు దూరం కదా, మావాళ్లను పిలిచాను. సగమే పిలిచాను."

ఇంటికొచ్చాక మామ ఒక్కటే అడిగాడు. "ఏదన్నా మోగిందేంట్రా అల్లుడా? డబ్బా అన్నా కొట్టారా?"

"లేదు మామా." మోగిందంటే ఎంతసేపని అడుగుతాడు.

ఆయన పంబను దూలానికి తగిలించేశాడు. తిరునాళ్లకు పిలిచినా కదల్లేదు. "నా కొడుకు దోవలో నిలబడుంటే ఊరి వీరులకు వాయించేదేందిరా!" అనేవాడు. "చెవులు తెరిపిన పడ్డాయిలే" అని అత్త ఎగతాళి చేసి, కొంగుతో కళ్లొత్తుకునేది.

ఈ ఎండాకాలం మామ ఇంటికి వెళ్లి అంతా చెప్పాను.

"ఎట్టా మోగింది?"

మంచం పట్టె మీద గోళ్లతో వాయించి చూపాను.

"చాల్లే, మేకులు కొట్టినట్టుంది." దూలం వైపు చూసి, "సగమన్నా మోగిందిగా. ఆ పంబ దించు" అన్నాడు.

దించాను. దాని మీద దుమ్ము నా తువ్వాలుతోనే తుడిచి ఆయన ఒళ్లో పెట్టాను.

"తప్పయింది మామా. నీ కొడుకు కోసం మోగేదాన్ని నేనే ఆపాను. నీతో అబద్ధమాడాను. నన్ను క్షమించు."