ఆగం అంటే ఏమిటో

మొన్న నయాపూల్ దగ్గర ఒక వకీలు గారి ఆఫీసుకు ఫోన్ చేయబోయి వారి ఫ్యాక్సు నంబరు నొక్కాను. చెవిలో కీచుమని ఒకటే మోత. ఎవరైనా ఫోన్ వెంటనే పెట్టేస్తారు. నేను వింటూ నిలబడిపోయాను. యాదగిరి సార్ గుర్తొచ్చారు.

ఫోను తీగల మీద ఇంటర్నెట్ నడిచే రోజుల్లో పురానాపూల్‌లో ఆయనకు చిన్న కంపెనీ ఉండేది. కాకినాడ నుంచి వచ్చిన నన్ను వారం రోజులు చూసి ఉద్యోగం ఇస్తానన్నారు. ఇంటర్నెట్‌ను పంచే రౌటర్‌కు, ఫోను తీగ మీద కంప్యూటర్ మాటలు మోసే మోడెంలు కట్టి, దుకాణాల కంప్యూటర్లు ఫోన్ చేసి కలిసేలా చేయడం మా పని. ప్రతి మోడెం గురించీ రౌటర్‌లో రెండు చోట్ల రాయాలి. ఫోన్ ఎలా ఎత్తాలో 'లైను' అనే చోట, ఎత్తాక ఏ పద్ధతిలో మాట్లాడాలో 'ఇంటర్‌ఫేస్' అనే చోట. "ఒకటి రాసి ఇంకోటి మర్శిపోతే, తలుపు తీసి మొఖం తిప్పుకున్నట్టే బిడ్డా" అనేవారు.

వారం చివర చాంద్రాయణగుట్ట పాల డెయిరీ లైను నాకొక్కదానికే అప్పగించారు. సాయంత్రానికి కలిస్తే ఉద్యోగం, లేకపోతే కాకినాడ బస్సు. రెండు చోట్లా శ్రద్ధగానే రాశాను. కానీ ఆ కొత్త మోడెంకు స్పీకర్ ఉంది. అంతవరకు నేను చూసినవన్నీ మూగవే. డెయిరీ వాళ్లు ఫోన్ చేయగానే అది కీచుమనేది, ఏదో చెడిపోయిందని నేను హడలిపోయి లైను తెంపేసేదాన్ని. బయటికెళ్లిన సార్‌కు ఫోన్ చేస్తే గరగరల మధ్య ఒక్క మాటే వినిపించింది: "ఆగం... ఆగం..." మా వైపు ఆ మాటకు 'మేము ఆగము' అనే అర్థం. త్వరగా కానివ్వమంటున్నారనుకుని, కీచుమన్న మరుక్షణమే తెంపి డెయిరీ వాళ్లను మళ్లీ చేయమనసాగాను.

సార్ స్కూటర్ దిగి వచ్చి ఏమీ ముట్టుకోలేదు. "ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"మీరే కదండీ ఆగం అన్నారు. అందుకే ఆగట్లేదు."

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు. "ఆగం చెయ్యకు అన్న. తొందరపడి ఖరాబ్ చేసుకునుడే ఆగం. మీ దిక్కు లేదా గీ మాట?"

"లేదండీ" అన్నాను. ఏడుపొచ్చేసింది.

మోడెం మళ్లీ కీచుమంది. నా చెయ్యి ముందుకెళ్తే ఆయన అరచెయ్యి అడ్డం పెట్టారు. "గదేం లొల్లి గాదు, కొట్లాట గాదు. ఎంత స్పీడుల మాట్లాడుకోవాల్నో రెండు మోడెంలు అనుకుంటున్నయ్. మెల్లగున్నదాని లెక్కకు రెండోది దిగుతది. ఫికర్ చెయ్యకు, అననియ్యి."

మోత ఆగింది. మోడెం మీది దీపం నిలకడగా వెలిగింది. డెయిరీ కలిసింది. "రేపు పొద్దుగాల రా" అన్నారు. మర్నాటి నుంచి నాతో కాస్త మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆ మోడెంలు లేవు, సార్ కూడా లేరు. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో ఆయనకెప్పుడూ చెప్పలేదు. ఆఫీసులో ఎవరైనా గొంతు పెంచినా, ఇంట్లో మా అమ్మాయి చిర్రుబుర్రులాడినా నేను వెంటనే తెంపను. ఇద్దరిలో మెల్లగా ఉన్నది ఎవరో చూసి అక్కడికి దిగుతాను.

మొన్న కూడా ఆ మోత దానంతటదే ఆగేదాకా ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాను. "ఆగం చెయ్యలే సార్" అన్నాను. కాకినాడ మాట కాదది, నా నోట ఆయన మాటే వచ్చింది.