హరిపద తాత పుట్టిన దేశం

2022 నాటికి భద్రాచలం బస్టాండు దగ్గర నేను ఆన్‌లైన్ సెంటర్ పెట్టి ఏడేళ్లు. సర్టిఫికెట్ల దరఖాస్తులు, పాస్‌పోర్టు ఫారాలు నింపడం నా పని. పది నిమిషాల్లో ఫారం ముగించి "నెక్స్ట్" అనేదాన్ని. నా చేతి వేగం మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ ఎండాకాలం హరిపద తాత వచ్చాడు. గోదావరి చేపలు అమ్మే బెంగాలీ. చిన్నప్పుడు తల్లిదండ్రులతో శరణార్థిగా వచ్చి, ఒడిశాలోని మల్కనగిరి అడవిలో సర్కారు ఇచ్చిన భూమిలో పెరిగి, పెళ్లయ్యాక ఇటు దిగినవాడు.

"బారిసాల్ల మా అక్క ఉంది బిడ్డా. పానం బాగలేదంట. ఒక్కసారి చూసొస్త. పాస్‌పోర్టు జల్దీ చెయ్యి."

పుట్టిన ఊరు బారిసాల్ అన్నాడు. అది ఏ దేశంలో ఉందో ఫోన్లో చూసి, జాబితాలో బంగ్లాదేశ్ నొక్కాను. తాతను అడగనైనా లేదు.

నెల తర్వాత మళ్లీ వచ్చాడు. పోలీస్ వెరిఫికేషన్‌కు, అంటే ఇంటికొచ్చి వివరాలు సరిచూడటానికి వచ్చినాయన "బంగ్లాదేశోడివా? ఎప్పుడు దాటినవ్?" అని అడిగాడట. ఫైలు ఆగిపోయింది.

"నేను పుట్టినప్పుడు గాడ ఇంగ్లీషోళ్ల రాజ్యం. అంతా ఇండియానే. నాకు నాలుగేండ్లప్పుడు పాకిస్తాన్ అన్నరు. మేం ఇటొచ్చిన ఎన్నో ఏండ్లకు బంగ్లాదేశ్ అయింది. ఆ దేశం నేను చూడనేలేదు. గట్లెట్ల రాసినవ్ బిడ్డా?"

చచ్చేంత సిగ్గేసింది. ఆ రోజు మొదటిసారి సూచనల పేజీ మొత్తం చదివాను. 1947 ఆగస్టు పదిహేనుకు ముందు ఇప్పటి పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో పుట్టినవాళ్లు దేశం పేరు 'అన్‌డివైడెడ్ ఇండియా', అంటే విభజన కాకముందటి ఇండియా అని రాయాలట. ఏడేళ్లుగా ఆ వాక్యం నా కళ్ల ముందే ఉంది. షాపు మూసి, తాతను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. తప్పు నాదేనని రాసిచ్చాను.

పాస్‌పోర్టు దసరా ముందు వచ్చింది. అక్క అంతకు పదిహేను రోజుల ముందే పోయింది.

"నా తొందర వల్లే తాతా" అని ఏడ్చేశాను. ఆయన కాదనలేదు. అది నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. పాస్‌పోర్టు నా చేతికిచ్చి, పుట్టిన చోటు ఏం రాశారో చదవమన్నాడు. "బారిసాల్, అన్‌డివైడెడ్ ఇండియా" అని చదివాను. మళ్లీ చదవమన్నాడు.

"గీ దేశానికి పోవాలంటే వీసా ఎవలిస్తరు బిడ్డా?"

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు కీబోర్డు మీంచి చేతులు తీసేస్తాను. ఎప్పుడు పుట్టారు, ఎక్కణ్ణుంచి వచ్చారు, అంతా విన్నాకే ఫారం తెరుస్తాను. రోజుకు సగం ఫారాలే అవుతున్నాయి. కానివ్వండి.